కొమరోలు మీది ఆకాశం గాదంకిది కాదు: ఉపగ్రహ ఉష్ణోగ్రతల సరిచూపుపై ఒక అభ్యంతరం

మెసోస్ఫియర్ ఉష్ణోగ్రతల విషయంలో ఉపగ్రహానికీ గాదంకిలోని లేజర్ పరికరం లైడార్‌కీ లెక్క కుదరకపోతే, తప్పు ఉపగ్రహం ఖాతాలో రాసేయడం మనకు అలవాటైంది. కొలబద్దను మాత్రం ఎవరూ కొలవరు.

ఈ ధోరణికి మూలం శివకుమార్, పి.బి. రావు, కృష్ణయ్య 2003లో జర్నల్ ఆఫ్ జియోఫిజికల్ రీసెర్చ్‌లో ప్రచురించిన వ్యాసమని నా అభిప్రాయం. 1998లో గాదంకిలో నెలకొల్పిన రేలీ లైడార్ కొలతలను వారు హేలో ఉపగ్రహ పరికరంతోనూ, సీరా-86, ఎంసిస్-90 అనే వాతావరణ నమూనాలతోనూ పోల్చారు. శ్రమకు వంక పెట్టలేం. కానీ రేలీ లైడార్ నేరుగా కొలిచేది సాపేక్ష సాంద్రతనే. దాన్ని ఉష్ణోగ్రతగా మార్చాలంటే పైకొసన పీడనాన్ని ఏదో ఒక నమూనా దగ్గర అరువు తేవాలి. ఆ అరువు ప్రభావం పైకొస నుంచి కిందికి దాదాపు 15 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంటే ఆ పై పొరల్లో నమూనాతో పోలిక కొంతవరకు నమూనాను దానితోనే పోల్చుకోవడం. పైగా 2005 దాకా పనిచేసిన హేలో చూసింది సూర్యోదయ, సూర్యాస్తమయాల్లో మాత్రమే. లైడార్ పనిచేసేది రాత్రి, అదీ మబ్బు లేనప్పుడు. మధ్యలో వాతావరణ పోటుపాట్లు ఊరుకుంటాయా?

అసలు చిక్కు దూరానిది. ఇలాంటి పోలికల్లో 5 డిగ్రీల అక్షాంశం, 10 డిగ్రీల రేఖాంశం అటూ ఇటూ ఉన్నా 'దగ్గరి' కొలతే అంటారు. ఆ లెక్కన గాదంకికి ఉత్తరాన ఉన్న కొమరోలే కాదు, శ్రీకాకుళం కూడా గాదంకే.

2001 డిసెంబరులో టైమ్డ్ ఉపగ్రహంతో వెళ్లిన సేబర్ పరికరాన్ని తీసుకోండి. అది వాతావరణాన్ని అంచు నుంచి చూస్తుంది. 2 కిలోమీటర్ల మందం పొరలో ఆ చూపు సాగే దారిని భూవ్యాసార్ధంతో లెక్కగడితే దాదాపు 320 కిలోమీటర్లు వస్తుంది. మన అక్షాంశాల్లో ఆ చూపు ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉంటుంది. కొమరోలు పేరున నమోదైన ఒక్క అంకెలో పడమట గుత్తి పరిసరాల నుంచి తూర్పున ఒంగోలు దాటి సముద్రం దాకా ఉన్న గాలి కలిసిపోయి ఉంటుంది. దక్షిణాన 200 కిలోమీటర్ల దూరంలోని గాదంకి మాత్రం అందులో లేదు! నల్లమల, వెలిగొండల మీదుగా గాలిలో లేచే పొట్టి తరంగాలు ఆ సగటులో చెరిగిపోతాయి. లైడార్ సన్నటి ఆకుపచ్చ కిరణం మాత్రం తన నెత్తిమీది తరంగాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుంటుంది. రెండూ ఒకే సంఖ్య చెబితేనే అనుమానించాలి.

నెలల తరబడి సగటు తీస్తే ఈ తరంగాల తేడా చాలావరకు సర్దుకుంటుందన్న వాదన ఉంది, నిజమే.

అయినా గాదంకి మీద తేలిన తేడాల్లో పెద్ద వాటా ఉపగ్రహాలది కాదని, చోటూ వేళా కుదరకపోవడం వల్ల వచ్చినదని నా వాదన. ఆ మాటకొస్తే ఉష్ణమండలంలో ఒకే కేంద్రాన్ని నమ్ముకుని చేసిన సరిచూపులన్నీ మళ్లీ చేయవలసినవే. పైకొసన ఏ నమూనా పీడనం తీసుకున్నారో, ఉపగ్రహం చూపు ఏ దిక్కుగా సాగిందో చెప్పని పోలికను పత్రికలు వెనక్కి పంపాలి.