ప్రియదర్శిని పెట్టెలో పాట

పాటని వినడం వేరు, చూడడం వేరు. ఈ ముక్క అన్నప్పుడల్లా మా ఆఫీసులో రాక్ సంగీతం పిచ్చి ఉన్న కుర్రాళ్ళు నావైపు జాలిగా చూస్తారు. వాళ్ళ లెక్కలో మ్యూజిక్ వీడియో అనేది 1981 ఆగస్టు 1న, అమెరికాలో ఎమ్‌టీవీ మొదలైన రోజున పుట్టింది. మన సినిమా పాటంటే హీరో హీరోయిన్లు చెట్ల చుట్టూ పరిగెత్తడం, వర్షంలో తడవడం.. అంతే. వాళ్ళని అని లాభం లేదు లెండి. శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి కోసం టీవీ ముందు చాప పరుచుకుని కూర్చున్నవాళ్ళకి మాత్రం, సినిమా నుంచి ఊడొచ్చిన పాటలో కూడా ఓ కథ ఉంటుందని ఒకరు చెప్పక్కర్లేదు.

సరే, వాళ్ళ దారిలోనే వెళ్దాం. ఆల్టర్నేటివ్ రాక్ వీడియోల్లో గొప్పదేదని అడిగితే తరచూ వినిపించే పేరు 'లూజింగ్ మై రెలిజియన్'. ఆర్.ఈ.ఎమ్. అనే బృందం 1991లో తెచ్చిన పాట. ఆ సంవత్సరం ఎమ్‌టీవీ అవార్డుల్లో మేటి వీడియో అదే. పేరు చూసి ఇదేదో మతం గొడవ అనుకుంటాం గానీ, అమెరికా దక్షిణాది పలుకుబడిలో ఆ మాటకి అర్థం ఓపిక నశించిపోవడం, ఇక తట్టుకోలేకపోవడం. పాడిన మైకెల్ స్టైప్ చెప్పినదాన్నిబట్టి అది అవతలివైపు నుంచి బదులు రాని ప్రేమ గురించి.

ఆ వీడియో తీసిందెవరో తెలుసా? జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. పలుకుబడిని పలుకుబడిలా వదిలెయ్యకుండా, అందులోని మతం అన్న మాటనే అక్షరాలా పట్టుకున్నాడాయన. గార్సియా మార్క్వెజ్ కథలోని రెక్కల ముసలాయన, కరవాజ్జియో బొమ్మల్లో లాగా చీకటిని చీల్చుకుంటూ ఒక పక్కనుంచి పడే వెలుగు, మన క్యాలెండర్లలో దేవుళ్ళ రంగులు.. అన్నీ తెచ్చి తెరకెక్కించాడు. నాకన్నిటికంటే నచ్చింది మాత్రం మొదటి కొన్ని క్షణాలు. ఇంకా పాట మొదలవదు. కిటికీ బయట వాన. గదిలో ఓ పాలకూజా కింద పడి బద్దలవుతుంది. తార్కోవ్‌స్కీ చివరి సినిమా 'శాక్రిఫైస్' నుంచి తెచ్చుకున్న ముక్క అది. పాటలో మనిషి మనసులోమాట చెప్పీ చెప్పక నలిగిపోతుంటాడు. పగలవలసింది ముందే పగిలిందని దర్శకుడు మనకి చూపించేస్తాడు. మాట దాచినదాన్ని బొమ్మ బయటపెట్టడం అన్నమాట.

ఇక మనవైపు. 1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్. విజయా వారి సినిమా, కె.వి.రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్ట్‌లే కెమెరా. అందులో లాహిరి పాట తెలియని తెలుగువాళ్ళుండరు. పింగళి నాగేంద్రరావు రాశారు, ఘంటసాల, పి.లీల పాడారు. రేడియోలో వింటే అదొక వెన్నెల పాట, ప్రేమ పాట. అంతే. చూస్తే సంగతి వేరు. అదే వెన్నెల, అదే పడవ, అదే పాట. ముందు అభిమన్యుడు, శశిరేఖ (అక్కినేని, సావిత్రి), తర్వాత కృష్ణుడు, రుక్మిణి (ఎన్టీఆర్, సంధ్య), ఆపైన బలరాముడు, రేవతి (గుమ్మడి, ఛాయాదేవి). పిల్లల ప్రేమ పెద్దవాళ్ళకంట పడకుండా కృష్ణుడు పాటలోనే అడ్డుపడి కాపాడుతున్నాడు. రేపు ఇదే పెళ్ళికి అడ్డం తిరగబోయే రేవతమ్మ, ఇవాళ అదే పడవలో, అదే వెన్నెలకి మెత్తబడి మొగుడి పక్కన కూర్చుంది. ఈ ముక్క ఏ చరణంలోనూ లేదు. కేవలం ఎవరు ఎవరి తర్వాత తెరమీదికొచ్చారన్న వరసలోనే ఉంది.

వెన్నెల సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. నేనుండేది ఉమ్ అల్ క్వైన్‌లో. దుబాయ్ ఎరిగినవాళ్ళు కూడా "అదెక్కడ?" అంటారు. ఏడు ఎమిరేట్లలోకీ జనాభా తక్కువున్నది ఇదే. ఇక్కడ ఊరికి ఆనుకుని సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పుకయ్య ఉంది, దాని నిండా మడచెట్లు, లోతులేని నీళ్ళు. పున్నమినాడు ఒడ్డున నిలబడితే.. అబ్బ, అది చూడాల్సిందే. కంటికి అంత వెలుగూ కనిపిస్తుంది గానీ ఫోన్‌లో వీడియో తీస్తే నల్లటి మసి మీద తెల్లటి చుక్క ఒకటి. కారణం తేలికే. నిండు చంద్రుడి వెలుగు సూర్యుడి వెలుగులో దాదాపు 4 లక్షలో వంతు. మన కళ్ళు చీకటికి అలవాటు పడి సర్దుకుంటాయి, కెమెరా సర్దుకోలేదు. ఇప్పటి కెమెరాల గతే ఇది, 1957 నాటి ఫిల్ముకి నిజం వెన్నెల ఏం ఆనుతుంది? అందుకని బార్ట్‌లే వెన్నెలని తీయలేదు, తయారుచేశారు. మద్రాసు దగ్గర ఎన్నూరులో బయట తీసింది కొన్ని సెకన్లేనట, మిగతాదంతా స్టూడియోలో దీపాల పని. వెలుగు ఎక్కువైతే పగలైపోతుంది, తక్కువైతే మొహాలు మాయమవుతాయి. నీళ్ళమీద తళుకు, మొహాలమీద మెత్తటి కాంతి, వెనక నలుపు.. ఈ మూడింటినీ పాట మొత్తం ఒకే పాళ్ళలో నిలబెట్టాలి. మూడు జంటలమీదా ఒకే వెన్నెల పడితేనే కదా పాటకి ఆ అర్థం వచ్చేది! పాళ్ళు మారితే అవి మూడు వేరు వేరు ప్రేమలైపోతాయి.

ఇందుకే 2010 జనవరిలో హైదరాబాద్ గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్ది, సినిమాస్కోప్‌కి మార్చి విడుదల చేసిన మాయాబజార్‌తో నాకు పేచీ. పని చేసినవాళ్ళ ఓపికకి దణ్ణం. ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్డూలు ఎగిరెళ్ళే పాటకి రంగు బాగానే అతికింది, పసుప్పచ్చ లడ్డూ కళ్ళపండువే. వెన్నెలకి మాత్రం అతకలేదు. బార్ట్‌లే నలుపు తెలుపుల మధ్య పరిచిన వందల బూడిద ఛాయల మీద నీలం పులిమితే కళ్ళు చీరల రంగులమీదికే పోతాయి. ఇది నా ఒక్కడి గోలే కావచ్చు.. రంగుల్లో చూసి మురిసిపోయినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు.

అన్నట్టు, ఆ కుర్రాళ్ళ నోరు మూయించడానికి నేను వాడే ఆయుధం లాహిరి పాట కాదు, ప్రియదర్శిని పాట. ప్రియదర్శిని అంటే చిన్న పెట్టె. మూత తీసి చూసినవాళ్ళకి ఎవరంటే ఇష్టమో, ఏదంటే ఇష్టమో అది అందులో కనిపిస్తుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు. ఆమె ఒకచోట, అతనింకోచోట, మధ్యలో పెట్టె, ఇద్దరూ కలిసి యుగళగీతం! మన దేశంలో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా టీవీ ప్రసారం మొదలైంది 1959 సెప్టెంబరులో. అంటే తెలుగువాడు టీవీ అనేదాన్ని చూడకముందే, తెర లోపల ఇంకో తెర, అందులో పాట చూసేశాడు. ల్యాప్‌టాప్ అనీ వీడియో చాట్ అనీ జోకులేసుకోవడం మనకి అలవాటే గానీ, అందులో ఉన్న పనితనం జోకు కాదు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఇది ఇంకొంచెం గట్టిగా తగులుతుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వచ్చిన మనవాళ్ళలో ఎక్కువమందికి ఇక్కడ కుటుంబాన్ని పెట్టుకునేంత జీతం ఉండదు. నాది జీతం సమస్య కాదు, మా ఆవిడ ఉద్యోగం విజయవాడలో. ఏదైతేనేం, రాత్రి 9 అయ్యేసరికి అందరి చేతుల్లోనూ అదే పెట్టె. (వాట్సాప్ కాల్స్ ఈ దేశంలో ఏళ్ళ తరబడి పనిచెయ్యకపోవడం వేరే రామాయణం.) మా అమ్మాయికి ఆరేళ్ళు. ఓ రోజు "నాన్నా, నువ్వు నాతో మాట్లాడుతూ కిందకి చూస్తావేంటి?" అంది. నిజమే. ఫోన్‌లో కెమెరా పైనుంటుంది, పిల్ల మొహం తెర మధ్యలో ఉంటుంది. నేను పిల్లని చూస్తే పిల్లకి నా చూపు అందదు. అందాలంటే నేను పిల్లని వదిలేసి ఆ నల్లచుక్కని చూడాలి. ఇద్దరం ఒకేసారి కళ్ళలోకి చూసుకోవడమన్నది ఈ యంత్రంలో కుదరదు.

సినిమాలో కుదురుతుంది. ఎదురెదురుగా లేనివాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టడానికి ఎడిటింగ్‌లో పాత సూత్రం ఒకటుంది: ఒకరు తెరకి ఎడమవైపు చూస్తే రెండోవారు కుడివైపు చూడాలి, రెండు ముక్కలూ పక్కపక్కన అతికిస్తే చాలు, చూపులు కలిశాయని మనమే నమ్మేస్తాం. ప్రియదర్శిని ఆ సూత్రానికి తొడిగిన పౌరాణిక వేషం. పాటలో విరహం ఉంది, బొమ్మలో విరహం తీరినట్టూ ఉంది, పెట్టె అంచు మాత్రం ఇద్దరి మధ్యా అలాగే ఉంది. స్టైప్ చూపు పాట పొడుగునా ఎవరికీ అందకుండా తిరుగుతూ ఉంటుంది చూడండి, దానికీ దీనికీ 34 ఏళ్ళ దూరం, సమస్య ఒకటే.

ఇంకో తమాషా. స్టైప్‌కి అంతకుముందు వీడియోల్లో రికార్డుకి పెదాలు కదపడం దొంగతనంలా అనిపించేదట, ఒప్పుకునేవాడు కాదు. మన సావిత్రి లీల గొంతుకి పెదాలు కలిపింది. ఎవరూ దాన్ని దొంగతనం అనుకోలేదు.

ఇదే పెట్టెని కృష్ణుడు తెరిస్తే శకుని కనిపిస్తాడు. ఇష్టమైనవాళ్ళని చూపించే పెట్టెలో శకుని! ఆ ఒక్క బొమ్మలో జూదం, అరణ్యవాసం, కురుక్షేత్రం అన్నీ ఉన్నాయి. పోయిన వారం మా అమ్మాయి అక్కడ ఆపి, కృష్ణుడికి శకుని అంటే ఎందుకిష్టం అని అడిగింది. చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది, మధ్యలో రెండుసార్లు లైను తెగింది.