విండోసు లైసెన్సు: హార్డువేరు మార్చిన పిమ్మట యాక్టివేషను

కంప్యూటరునందలి ముఖ్యభాగములు, విశేషించి మదర్‌బోర్డు, మార్చబడినప్పుడు, అంతవరకు ఆ యంత్రముపై చెల్లుచుండిన విండోసు లైసెన్సు చెల్లకపోవుటయు, అది మరల చెల్లునట్లు చేసికొనుటకై యజమాని మైక్రోసాఫ్టు సంస్థవారి సర్వరులతో యాక్టివేషను జరుపుకొనవలసివచ్చుటయు తరచుగా సంభవించు విషయములు. యాక్టివేషను అనగా 25 అక్షరముల ప్రాడక్టు కీని ఒకానొక యంత్రముయొక్క గుర్తులతో ముడివేసి, ఆ ముడిని సంస్థయొద్ద నమోదు చేయించుట. లైసెన్సు యంత్రమున కియ్యబడినది. యంత్రమో, విడదీసి మరల కూర్చదగిన భాగముల సముదాయము. మెమొరీ మార్చినను, డిస్కు మార్చినను, తుదకు మదర్‌బోర్డునే మార్చినను అది తన పాత కంప్యూటరే యని యజమాని తలచును. సర్వరు అట్లు తలపదు. అవయవములకంటె అవయవి వేరని నైయాయికులును, అట్టి అవయవి లేనేలేదని బౌద్ధులును శతాబ్దులపాటు వాదించుకొనిన ప్రశ్నకు మైక్రోసాఫ్టువారు పదునైదేండ్లలో మూడు విధములైన సమాధానము లిచ్చిరి.

మొదటిది ఓట్ల లెక్క. 2001 అక్టోబరు 25న విడుదలయైన విండోసు ఎక్స్‌పీ, స్థాపించిన 30 దినములలోపల యాక్టివేషను జరుపనిచో లోనికి ప్రవేశింపనిచ్చెడిది కాదు. అది ప్రాసెసరు, డిస్కు, గ్రాఫిక్సు కార్డు, సీడీ డ్రైవు, నెట్‌వర్కు కార్డు మొదలైన పది గుర్తులను పరిశీలించి, వానిసారమును ఒక చిన్న సంఖ్యగా కుదించి దాచుకొనెడిది. కుదింపు ఎంత గాఢమైనదనగా, ఆ సంఖ్యనుండి అసలు సీరియల్ నంబరును తిరిగి రాబట్టుట అసాధ్యము. మెమొరీ విషయమున పరిమాణమైనను వ్రాసికొనక ఏ శ్రేణికి చెందునో మాత్రమే వ్రాసికొనెడిది గనుక, 256 మెగాబైట్లను 384కు పెంచిన వానికి ఏ చిక్కును లేకుండెను. నెట్‌వర్కు కార్డు మారకున్నంతవరకు మిగిలినవానిలో ఆరు మారినగాని మరల యాక్టివేషను అవసరము కాదు. ఆ కార్డే మారినను, మొదటినుండియు లేకున్నను, నాలుగు మార్పులే చాలును. ఇల్లు మారిన వానిని పోలికలనుబట్టి గుర్తించు తపాలా జవానువంటి పద్ధతి యిది. కొన్ని పోలికలు తప్పినను మనిషిని పోల్చుకొనును. 2001 జూలైలోనే, ఎక్స్‌పీ అంగడికి రాకముందే, బెర్లినునందలి ఫుల్లీ లైసెన్స్‌డ్ అను సంస్థవారు ఈ కుదింపు జరుగు విధమును ఛేదించి వివరములన్నియు ప్రకటించిరి. సంస్థ తమ సొంతవివరములను అపహరించుచున్నదని భయపడినవారి సందేహము చాలవరకు ఆ ప్రకటనవలన తొలగెననవచ్చును.

నాడు ఇంటర్నెట్టు లేనివారికి టెలిఫోనే గతియై యుండెను. తెరపై కనబడు 50 అంకెల సంఖ్యను ఫోనులో ఆరేసి అంకెల చొప్పున చదివి, అటునుండి వచ్చు 42 అంకెలను తప్పక టైపు చేయవలసియుండెను. అంకె యొకటి తప్పిన, ఆ వరుస మరల చదువవలసియుండెను. భాగములు అధికముగా మారినవారికి ఎక్స్‌పీ తొలిరూపము గడువే ఇయ్యక లాగిన్ ద్వారమునే మూసివేసెడిది. 2002లో వెలువడిన మొదటి సర్వీసు ప్యాకు మూడు దినముల గడువు ప్రసాదించినది.

2006 అక్టోబరులో విండోసు విస్టా లైసెన్సు షరతులు ప్రకటితమైనప్పుడు, లైసెన్సును మరొక యంత్రమునకు ఒక్కమారు మాత్రమే మార్చుకొనవచ్చునను నియమము కనబడెను. భాగములను తరచుగా మార్చి తమ యంత్రములను తామే కూర్చుకొను ఉత్సాహవంతులు దీనిపై చేసిన గగ్గోలు ఫలించి, నవంబరులోనే ఆ నియమము ఉపసంహరింపబడినది. లైసెన్సు చరిత్రలో వినియోగదారుని మాట ఇంత త్వరగా నెగ్గిన సందర్భములు అరుదు. అయినను యాక్టివేషను లేని విస్టా, గంటసేపు బ్రౌజరు తప్ప మరేమియు తెరువనిచ్చెడిది కాదు. 2008లో వచ్చిన మొదటి సర్వీసు ప్యాకుతో ఆ కాఠిన్యము పోయి, నల్లని తెరయు హెచ్చరికయు మాత్రమే మిగిలెను. నేటి విండోసు 10, 11 ఇంకను మెతకవి. తెరమూలను ఒక వాటర్‌మార్కు నిలిచియుండును. వాల్‌పేపరు, రంగులు సెట్టింగులలో మార్చుటకు వీలుండదు. తక్కిన పని యథాప్రకారము సాగును.

రెండవ సమాధానము మదర్‌బోర్డు. డెల్, హెచ్‌పీ వంటి తయారీదారులు విండోసుతో కూడ అమ్ము యంత్రములకు ఓఈఎమ్ లైసెన్సు ఇయ్యబడును. అది తొలి యంత్రముతోనే పుట్టి దానితోనే గిట్టునది. ఎక్స్‌పీ కాలమునుండి విండోసు 7 వరకు బయోసులో దాగిన ఒక గుర్తును తయారీదారుని కీతో సరిచూచుకొనుటయే పద్ధతి. ఒక తయారీదారుని యంత్రములన్నిటిలోను ఒకే కీ వాడుకలో నుండుటచే, ల్యాప్‌టాప్ అడుగున అంటించిన స్టిక్కరుమీది కీ చాలమందికి జీవితకాలములో ఒక్కమారైనను అక్కరకు రాలేదు. 2012లో విండోసు 8 వచ్చినతోడనే ప్రతి బోర్డు ఫర్మ్‌వేరులో దాని దాని ప్రత్యేకమైన కీ వ్రాయబడసాగెను. అందుచేత డిస్కు మార్చి విండోసును క్రొత్తగా ఎక్కించువానిని ఎవ్వరును కీ అడుగరు, బోర్డే చెప్పికొనును. ఇదే సౌకర్యము ఒక్కొక్కప్పుడు చిక్కు తెచ్చును: ఫర్మ్‌వేరులో హోమ్ కూర్పు కీ యున్న ల్యాప్‌టాపుపై ప్రో లైసెన్సు కొనినవాడు మరల ఇన్‌స్టాల్ చేసినచో, అడుగక చెప్పక హోమే ఎక్కి కూర్చుండును.

లోపము కారణముగ మదర్‌బోర్డు మార్చినచో ఓఈఎమ్ లైసెన్సు కొనసాగుననియు, వేగముకొరకు మంచి బోర్డు వేసికొనినచో అది క్రొత్త కంప్యూటరే యగుటచే క్రొత్త లైసెన్సు కొనవలెననియు సంస్థవారి నియమము. బోర్డు మారుటయందు భేదము లేదు. భేదమంతయు యజమాని ఉద్దేశములోనిది. యంత్రము ఉద్దేశము నెరుగదు గనుక, ఇట్టి సందర్భములలో సహాయకేంద్రపు ఉద్యోగికి విషయము విన్నవించుకొనక తప్పదు. విడిగా కొనిన రిటైలు లైసెన్సునకు ఈ తంటా లేదు. పాత యంత్రమునుండి తీసివేసినంతట క్రొత్తదానిపై వేసికొనవచ్చును.

మూడవది మనిషి. 2015 జూలై 29న విండోసు 10 వెలువడినప్పుడు, విండోసు 7, 8.1 నుండి ఉచితముగ మారినవారికి ప్రత్యేకమగు కీ యీయక, వారి హార్డువేరు గుర్తులను సర్వరులోనే నమోదు చేసి దానిని డిజిటల్ అర్హతగా పరిగణించిరి. చేతిలో కీ లేదు. బోర్డు మారినచో ఆధారమును లేదు. ఈ చిక్కునకు 2016 ఆగస్టు నవీకరణతో పరిహారము దొరకెను: డిజిటల్ లైసెన్సును మైక్రోసాఫ్టు ఖాతాతో జతపరచవచ్చును. నాటినుండి లైసెన్సునకు సాక్షి ఇనుపముక్కలు కాక ఖాతాదారుడే అయ్యెను.

ఖాతాతో జతపరచుట, భాగములు మార్చుటకు ముందే జరుగవలెను. ఇది మరచినవారే ఎక్కువ. విండోసు 11లో సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్ అను వరుసలో చూచినప్పుడు, లైసెన్సు ఖాతాతో జతపడియున్నదని స్పష్టముగ వ్రాసియుండవలెను. మార్చిన పిదప అడ్మినిస్ట్రేటరుగా అక్కడికే పోయి, ట్రబుల్‌షూట్ నొక్కి, ఇటీవల హార్డువేరు మార్చితినను ఎంపికను ఎంచి, అదే ఖాతాతో సైన్ ఇన్ కాగా, ఆ ఖాతాక్రిందనున్న యంత్రముల జాబితా వచ్చును. అందులో పాత కంప్యూటరు పేరును గుర్తించి, ప్రస్తుతము వాడుచున్నది ఇదేయని టిక్కు పెట్టి యాక్టివేట్ నొక్కవలెను. జాబితాలోని పేర్లు డెస్క్‌టాప్ అను మాటవెంట అర్థములేని అక్షరములతో ఉండుట పరిపాటి గనుక, మార్పునకు ముందే కంప్యూటరునకు గుర్తుండు పేరు పెట్టుకొనినవాడు సుఖపడును.

ఈ మార్గమునకును హద్దులున్నవి. హోమ్ లైసెన్సు ప్రోపై పనిచేయదు. పాత యంత్రముపై విండోసు ఎన్నడును యాక్టివేట్ కాకుండినను, మార్పుల పరిమితి దాటినను, యంత్రము కార్యాలయపు నిర్వహణలో నున్నను ప్రయత్నము విఫలమగును. తెరపై 0ఎక్స్‌సి004ఎఫ్211 అను సంకేతము కనబడినచో హార్డువేరు మార్పే కారణము. చివర సి008 అని యున్నచో, ఆ కీ అనుమతించినదానికంటె ఎక్కువ యంత్రములపై వాడబడినది. పాత యంత్రమును అమ్ముటకు ముందు ఎస్‌ఎల్‌ఎమ్‌జిఆర్ ఆజ్ఞతో కీని తొలగించుట మంచిదేకాని, ఆ ఆజ్ఞ ఆ యంత్రమునందలి కీనే తుడుచును. సర్వరునకు వార్త పంపదు.

సికింద్రాబాదు పార్కులేనునందలి చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి అంగళ్ల సముదాయములలో అసెంబుల్డు కంప్యూటరు కొనువారికి ఈ ప్రశ్న ఇతరులకంటె ఎక్కువగా ఎదురగును. కొన్నేండ్లకు బోర్డు చెడినప్పుడు అదే సాకెట్టు బోర్డు దొరకక, ప్రాసెసరు, మెమొరీ కూడ ఒకేసారి మార్చవలసివచ్చును. అప్పుడు తన లైసెన్సు రిటైలో, ఓఈఎమో, అసలున్నదో లేదో బిల్లునుబట్టి తెలియవలసినదే. బిల్లులో విండోసునకు ప్రత్యేకముగ వరుస లేనిచో సందేహింపవలెను.

చట్టము అన్నిచోట్ల సంస్థల షరతులతో ఏకీభవింపలేదు. యంత్రముతో గాక విడిగా అమ్మబడిన ఓఈఎమ్ ప్రతుల వివాదములో జర్మనీ సమాఖ్య న్యాయస్థానము 2000 జూలైలో, ఒకమారు సక్రమముగ విక్రయించిన ప్రతి పునర్విక్రయమును కాపీరైటు పేరిట సంస్థ అరికట్టజాలదని తీర్పు చెప్పెను. 2012 జూలై 3న యూరోపియన్ న్యాయస్థానము యూజ్డ్‌సాఫ్ట్, ఒరాకిల్ వ్యాజ్యములో డౌన్‌లోడు చేసికొనిన సాఫ్టువేరునకును ఇట్టి సూత్రమునే వర్తింపజేసినది. అయినను, న్యాయస్థానము అనుమతించిన దానిని యాక్టివేషను సర్వరు తనంతట అనుమతించునని అనుకొనరాదు.

మదర్‌బోర్డు మార్చిన తోడనే విండోసు 48 అంకెల రికవరీ కీ అడిగినచో అది లైసెన్సు సంబంధమైనది కాదు. డిస్కును గుప్తపరచు బిట్‌లాకరు తన తాళమును బోర్డుమీది టీపీఎమ్ చిప్పునకు కట్టియుండుటచే పుట్టు చిక్కు అది. యాక్టివేషను లేకున్న వాల్‌పేపరు పోవును. ఈ 48 అంకెలు లేకున్న డిస్కులోని యావత్తు పోవును. కావున బోర్డు విప్పుటకు ముందు బిట్‌లాకరును తాత్కాలికముగ నిలిపి, రికవరీ కీని వేరొకచోట వ్రాసి యుంచుకొనవలెను.