మత్తిగిరి ఫారం, చెయ్యి తిరగడానికొచ్చిన పిల్లలు

హోసూరు పక్కనే మత్తిగిరి. అక్కడి పశువుల ఫారం 1824లో గుర్రాల కోసం మొదలైంది, కుంఫిణీ పటాలానికి గుర్రాలు కావాలి గదా. నూరేండ్లు గడిచాక, 1924లో, అది ఆవుల ఫారంగా మారింది. పదహారు వందల ఎకరాలకు పైబడిన నేల, ఎర్ర సింధీ ఆవులకు పేరు. మా తెలుగిండ్లలో ‘ఫారం’ అంటే చాలు, ఏ ఫారమని ఎవరూ అడగరు.

పశువైద్యం చదివే పిల్లలకు బడి మద్రాసులో ఉండేది. 1903లో 20 మందితో మొదలైన కాలేజీ అది. 1936లో మద్రాసు యూనివర్సిటీ కిందికొచ్చి డిగ్రీ ఇవ్వసాగింది. 1955లో బాపట్లలో కాలేజీ పెట్టి, రెండేండ్లకు తిరుపతికి మార్చేదాకా కోస్తా, రాయలసీమ పిల్లలు కూడా మద్రాసుకే రైలెక్కేవాళ్లు. అయితే పట్నంలో చదువు దొరుకుతుంది గానీ, నడిరాత్రి ఈనలేక అల్లాడే ఆవు దొరకదు. దానికి కొట్టాల దగ్గరికి రావాల్సిందే.

అట్లా వచ్చిన పిల్లల్ని మా ఇంట్లో మూడు తరాలుగా చూస్తున్నాము. చూలు పరీక్షకు భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టాలి. బొమ్మలో గర్భసంచి కదలకుండా ఉంటుంది. ఆవులో అది జారుతుంది, ఆవు ముక్కుతుంది, చెయ్యి తిమ్మిరెక్కుతుంది. రెండు నెలల చూలు వేళ్లకు తెలియాలంటే ఎన్నో ఆవులను చూడాలి. దూడ తల వెనక్కి తిరిగి ఉంటే లాగకూడదు. నొప్పి నొప్పికీ నడుమ దూడను లోపలికి నెట్టి, తల సరిచేసి, అప్పుడు తాడు వెయ్యాలి. కొత్తవాళ్లు తొందరపడి లాగబోతారు. పక్కనున్న పెద్ద డాక్టరు చెయ్యి పట్టుకొని ఆపుతాడు. అసలు చదువు ఆ ఆపడంలోనే ఉందని మా పెద్దల మాట.

ఇంతకంటే కష్టమైనది మాట. తిరునల్వేలి నుంచో తంజావూరు నుంచో వచ్చిన పిల్లకు మా తెలుగు ఎట్లా తెలుస్తుంది? “నిన్న మాపటేళ ఎదకొచ్చింది సామీ” అని మా అవ్వ చెబితే, ఆ పిల్లకు ‘మాపటేళ’ సాయంత్రమో తెల్లవారుజామో తెలియదు. పొద్దున ఎద కనబడితే సాయంత్రం సూది వెయ్యాలి, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున. ఆ ఒక్క మాట తప్పితే చూలు నిలవదు, మళ్లీ 21 రోజులు ఆగాలి. రెండావులున్న ఇంటికి అది చిన్న నష్టం కాదు.

పెద్దరోగం కాలంలో ఇంకా ఘోరం. ఇంగ్లీషులో రిండర్‌పెస్ట్ అనేది అదే. 1954లో దేశమంతటా టీకాల పథకం మొదలైంది. 1995 తరువాత మన దేశంలో ఆ రోగం కనబడలేదు. 2011లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. నేటి విద్యార్థులు దాన్ని పుస్తకంలోనే చూస్తారు, చూడనీ.

ఇప్పుడు ఇంటర్న్‌షిప్ ఏడాది పొడుగునా ఉంటుంది. వచ్చేవాళ్లలో ఆడపిల్లలు బాగా ఉన్నారు. మా ఇంటి చిన్నవాళ్లు మాత్రం హోసూరు కంపెనీల్లో పనికి పోతున్నారు, ‘మాపటేళ’ వాళ్లకూ తెలియడం లేదు. అందుకే ఎద, చూలు, మాయ, నెమరు, గాలికుంటు, జబ్బవాపు వంటి మాటలను తెలుగు, తమిళం, కన్నడలలో ఒక కాగితం మీద రాసి, పోయినసారి వచ్చిన పిల్లలకు ఇచ్చాము. మీ ఊళ్లో వీటిని ఏమంటారో రాసి పంపితే ఆ కాగితంలో చేరుస్తాము.