శ్రీనగర్ – లేహ్: 255 కిలోమీటర్ల విమాన దూరం చెప్పే చరిత్ర

శ్రీనగర్, లేహ్ విమానాశ్రయాల మధ్య నేరుగా కొలిస్తే దూరం దాదాపు 255 కిలోమీటర్లు. విమానంలో గంట కూడా పట్టదు. రోడ్డు మార్గం మాత్రం 400 కిలోమీటర్లకు పైనే. అందులో 3,500 మీటర్ల ఎత్తున్న జోజి లా కనుమ శీతాకాలంలో మంచుతో మూసుకుపోతుంది. ఈ తేడా 1948లో లద్దాఖ్ భవిష్యత్తునే నిర్ణయించింది.

నేపథ్యం: 1947 అక్టోబరు 27న భారత సైన్యం ఢిల్లీ నుంచి డకోటా విమానాల్లో శ్రీనగర్‌లో దిగింది. అక్కడ అప్పటికే ఒక ఎయిర్‌స్ట్రిప్ ఉంది కాబట్టి అది సాధ్యమైంది. లేహ్‌లో అలాంటిదేమీ లేదు. 1948 ఫిబ్రవరిలో మేజర్ పృథీచంద్ నాయకత్వంలో ఒక చిన్న దళం మంచులో జోజి లా దాటి, మార్చిలో కాలినడకన లేహ్ చేరింది. నేడు గంటలోపు సాగే ప్రయాణానికి వారికి వారాలు పట్టింది.

మేలో కార్గిల్ శత్రువుల చేతికి చిక్కడంతో శ్రీనగర్ – లేహ్ దారి తెగిపోయింది. వేగంగా చేరడానికి మిగిలింది ఆకాశమార్గమే. దళంతోపాటు వచ్చిన లద్దాఖీ ఇంజనీరు సోనమ్ నోర్బు, స్థానికుల శ్రమతో సింధు నది సమీపంలో అప్పటికే రన్‌వే సిద్ధం చేయించారు. 1948 మే 24న ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్ నడిపిన డకోటా అక్కడ దిగింది. అందులో మేజర్ జనరల్ తిమ్మయ్య కూడా ఉన్నారు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడిని నియంత్రించే ఏర్పాటు లేని విమానంలో హిమాలయ శిఖరాలు దాటడం పెద్ద సాహసమే. తర్వాత విమానాల్లో గూర్ఖా సైనికులు చేరారు, లేహ్ నిలిచింది.

విమానం ఎందుకు సరిపోలేదు?: లేహ్ విమానాశ్రయం 3,200 మీటర్లకు పైన ఉంది. అక్కడ గాలి పలుచన. ఎండ పెరిగేకొద్దీ ఇంకా పలుచనై, రెక్కలకు అందే ఊతం తగ్గుతుంది, మోయగల బరువూ తగ్గుతుంది. మధ్యాహ్నం గాలులూ ఉధృతమవుతాయి. అందుకే నేటికీ అక్కడ ఎక్కువ విమానాలు ఉదయం పూటే నడుస్తాయి. విమానం లేహ్‌ను కాపాడగలిగింది కానీ, ఆ ప్రాంతానికి కావలసిన సరుకంతా మోయలేదు. 1948 నవంబరు 1న తేలికపాటి ట్యాంకులతో జోజి లాను, అదే నెలలో ద్రాస్, కార్గిల్‌ను తిరిగి గెలుచుకున్నాకే నేలమార్గం మళ్లీ తెరుచుకుంది.

ఆ తర్వాతి విధానంలోనూ ఇదే పాఠం కనిపిస్తుంది. 1960లో సరిహద్దు రోడ్ల సంస్థ ఏర్పడింది. మనాలి వైపు 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం 2020 అక్టోబరులో ప్రారంభమైంది. జోజి లా కింద దాదాపు 13 కిలోమీటర్ల సొరంగం పనులు చేపట్టారు.

జవాబులో ఎలా వాడాలి?: సరిహద్దు మౌలిక వసతులపై ప్రశ్న వస్తే ప్రాజెక్టుల పేర్లు వల్లించి ఆపకండి. దూరాన్ని కిలోమీటర్లలో కాక, చేరడానికి పట్టే కాలంలో చూపండి. ఏడాదిలో ఎన్ని నెలలు దారి తెరిచి ఉంటుందో రాయండి. మంచు కురిసే నెలల్లో రోగి, విద్యార్థి, సైనికుడు అందరూ ఆధారపడేది ఆ లెక్క మీదే. విలీన పత్రంపై సంతకంతో రాజ్యం కలిసింది. లేహ్‌ను నిలబెట్టింది మాత్రం స్థానికులు సిద్ధం చేసిన ఆ రన్‌వే.