పటేల్ ఇంటి ముంగిట్లో బడి మీటింగు

ఉట్నూరు దాటి జైనూరు వైపు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చోండి. నవంబరు నెల. పత్తికాయలు పగిలి చేలన్నీ తెల్లబడ్డాయి. పొద్దున్నే చేలో దిగిన ఆడవాళ్లు నడుముకు గుడ్డ కట్టుకుని, వంగి పత్తి ఏరుతున్నారు. గట్టు మీద ఓ చంటిపిల్ల, పక్కన దాన్ని చూసుకుంటూ ఆరేడేళ్ల అక్క. ఈ వేళకు ఆ అక్క బడిలో ఉండాలి.

రోడ్డు మీద దిగి మట్టిబాట పట్టండి. గూడెం పేరు రాయను, ఇక్కడి మనుషుల పేర్లూ రాయను. రెండు గదులు, ఓ వరండా, ఓ చేతిపంపు, వెనక వంటకు రేకుల షెడ్డు. ఇదే గిరిజన ప్రాథమిక పాఠశాల. ఇక్కడంతా జీపీఎస్ అంటారు. గంట కొట్టి అప్పటికే పావుగంటయింది. పిల్లలు ఇంకా వస్తూనే ఉన్నారు.

గుమ్మం పక్కన నిలబడి వినండి. ముందు వరసలో గోండి. గోడవైపు కూర్చున్న నలుగురు లంబాడా పిల్లలు తమలో తాము లంబాడీలో గుసగుసలాడుతున్నారు. చివర్న కోలాం అన్నదమ్ములిద్దరు. వాళ్లది కోలామీ. వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం వినాలంటే చెవి దగ్గర పెట్టాలి. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరే కాబట్టి సంతలో మరాఠీ అందరి చెవినా పడేదే. సార్ మాట్లాడేది తెలుగు. ఆయనది మంచిర్యాల వైపు. చేతిలో ఉన్న గణితం పుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, దాని ఎదుటి పేజీ తెలుగు. 2022-23లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం తెచ్చినప్పటి నుంచి పుస్తకాలు ఇలా జంటభాషల్లో వస్తున్నాయి. ఆరేళ్ల గోండు పిల్లకు ఆ రెండు పేజీలూ పరాయివే.

ఒకటో తరగతి పిల్లవాడొకడు లేచి నిలబడ్డాడు. ఏదో అడగాలి, నోరు పెగలడం లేదు. సార్ తెలుగులో అడిగారు. వాడు నేల చూస్తున్నాడు. అంతలో వంటరేకు కింద నుంచి చేతులు తుడుచుకుంటూ ఒకావిడ వచ్చి గోండిలో రెండు ముక్కలు అడిగింది. వాడు గడగడా చెప్పాడు. బలపం ఇంట్లో మరిచిపోయాడట, వాళ్లమ్మ చేనుకు పోతూ తలుపు గొళ్లెం పెట్టేసిందట. ఆవిడ నవ్వి, తన కొంగున కట్టుకున్న బలపం ముక్క తీసిచ్చి, మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

పిల్లలంతా ఆవిడను బాయి అంటారు. మధ్యాహ్న భోజనం వండడం ఆవిడ పని. ఏజెన్సీ బడుల్లో నేను గమనించినది ఇదే: పిల్లల భాష, వాళ్ల ఇల్లు, వాళ్ల జ్వరం, వాళ్ల అలక తెలిసిన మనిషి చాలాసార్లు పొయ్యి దగ్గర ఉంటుంది. ఇంటికీ బడికీ మధ్య మాట మోసేది ఆమే. ఆ పనికి ఆమెకు పేరూ లేదు, జీతమూ లేదు. ఈ సార్ చేసిన మంచి పని, ఆ సంగతి గుర్తించడం. రోజూ మొదటి పీరియడులో బాయిని గదిలోకి పిలుస్తారు. పప్పు పొయ్యి మీద ఉడుకుతుంటుంది, ఆమె పిల్లలతో గోండిలో ముచ్చట పెడుతుంది, సార్ వెనక బల్ల మీద కూర్చుని తన నోటుబుక్కులో మాటలు రాసుకుంటారు. ఆయన అక్కడ విద్యార్థి.

ఇవాళ శనివారం. గూడెం పెద్ద, పటేల్ బడికొచ్చారు. తెల్లధోవతి, తలకు రుమాలు, చేతిలో కర్ర. గుమ్మంలో చెప్పులు విడిచి "రాం రాం సార్" అన్నారు. సార్ కుర్చీ జరిపారు. పెద్దాయన వద్దని పిల్లల మధ్యన చాప మీదే కూర్చున్నారు.

"తాతా, పోరలకు మీ సగల లెక్క చెప్పుండ్రి జెర," అన్నారు సార్.

రాజ్‌గోండులందరూ సగలుగా విడివడి ఉంటారు. నాలుగు దేవతల సగ, ఐదు దేవతల సగ, ఆరు దేవతల సగ, ఏడు దేవతల సగ. కేస్లాపూర్ నాగోబా జాతర చేసే మెస్రం వంశం వాళ్లది ఏడు. ఒకే సగలో వాళ్లు అన్నదమ్ముల కింద లెక్క, పెళ్లిళ్లు కుదరవు. ఈ సంగతి బడికి రాకముందే ప్రతి గోండు బిడ్డకూ తెలుసు.

పెద్దాయన కర్రతో నేల మీద నాలుగు గళ్లు గీశారు. ఎవరి సగ గడిలో వాళ్లు నిలబడాలి. కేకలు, తోపులాట. ఏడు దేవతల గడి నిండిపోయింది. నాలుగు గడిలో ఒక్కడే. "ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సైయుంగ్..." పిల్లలు వేళ్లు మడుస్తూ లెక్కపెడుతున్నారు. ఏ గడిలో ఎక్కువ, ఏ గడిలో తక్కువ, ఏడు వాళ్లలో నుంచి ఆరు వాళ్లను తీసేస్తే ఎంతమంది మిగులుతారు? పొద్దున నోరు పెగలని ఆ ఒకటో తరగతి పిల్లవాడు అందరికంటే ముందు చెయ్యెత్తాడు. సార్ ఆ లెక్కను బోర్డు మీద అంకెల్లో వేసి, తెలుగులో చెప్పి, చివరికి ఇంగ్లీషులో అనిపించారు. ఒకటే లెక్క మూడు భాషలు దాటింది, ఒక్క గోండు పిల్లా వెనకబడలేదు.

లంబాడా పిల్లలు, కోలాం పిల్లలు మాత్రం ఈ ఆటలో గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డారు. ఇది గుర్తుంచుకోండి, సాయంత్రం పనికొస్తుంది.

ఇదంతా ఈ నేలకు కొత్తేమీ కాదు. ఇక్కడికి దగ్గర్లోనే మార్లవాయి. 1940లో కొమురం భీం పోరాటం నెత్తురు చూశాక, గోండుల గోడు ఏమిటో తెలుసుకోవాలని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని భార్య బెట్టీతో కాపురమున్నాడు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. కాస్తోకూస్తో చదువొచ్చిన గోండులకు అప్పట్లో తెలిసింది మరాఠీ కాబట్టి, వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో వేశారు. ఊరివాడే పంతులు, ఊరి మాటే పాఠం. దంపతుల సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి, ఏటా జనవరి 11న వర్ధంతి జరుపుతారు. ఆ ఊరివాడే గుస్సాడీ కనకరాజు. పిల్లలకు గుస్సాడీ నృత్యం నేర్పి, 2021లో పద్మశ్రీ అందుకుని, 2024 అక్టోబరులో కన్నుమూశారు.

తర్వాత బోధన తెలుగులోకి మారింది, గోండి వాచకాలు మూలపడ్డాయి. మళ్లీ ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గోండి, కోలామీ, బంజారా, కోయ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో, ఒకటో తరగతి నుంచి మాతృభాషా బోధన మొదలుపెట్టారు. మంచి పుస్తకాలొచ్చాయి. కథలు, పొడుపు కథలు గూడేల్లోనే సేకరించారు. ఎనభై ఏళ్లలో రెండుసార్లు తెరిచిన తలుపు ఇది. రెండుసార్లూ దాన్ని తెరిచి ఉంచేవాళ్లు కరువయ్యారు.

పొద్దు గూకింది. పదండి పటేల్ ఇంటికి.

తల్లిదండ్రుల మీటింగు మొదట్లో బడిలో, పగటిపూట పెట్టేవారు. పత్తి ఏరే రోజుల్లో పగలు ఎవరు వస్తారు? ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు వచ్చి, వేలిముద్ర వేసి పోయేవారు. ఇప్పుడు దాన్ని రాత్రి వంట వేళకు ముందు, పటేల్ ఇంటి ముంగిట్లోకి మార్చారు. ఎర్రమట్టి అలికిన అరుగు, మధ్యలో నెగడు. ఆడవాళ్లు చేల నుంచి నేరుగా వచ్చారు, వేళ్ల చివర్లు పత్తికాయ గీరి చిట్లి ఉన్నాయి. సార్ రిజిస్టరు తీయలేదు. ఎవరి బిడ్డ నోటుబుక్కు వాళ్ల చేతికిచ్చారు. చదవడం రాని తల్లులు పేజీలు తిప్పి బొమ్మలు చూస్తున్నారు. ఒకావిడ తన కూతురు వేసిన నెమలీక టోపీ గుస్సాడీ బొమ్మను పక్కావిడకు చూపించి ఏదో అంది, ఇద్దరూ పకపకా నవ్వారు.

అప్పుడు ఒక తండ్రి లేచాడు.

"సార్, గోండి ఇంట్ల మేమే నేర్పుతం. బడికి ఎందుకు పంపుతున్నం? ఇంగ్లీషు రావాలె, నౌకరి రావాలె. నేను ఆసిఫాబాద్ల ఆఫీసుకు పోతే నా మాట ఎవ్వలకు సమజ్ గాలే. రెండు రోజులు తిరిగొచ్చిన. నా పోరికి గట్ల గావద్దు."

ముంగిలి నిశ్శబ్దమైంది. ఈ మాటను పక్కన పెట్టి మాతృభాష గురించి రాసే హక్కు ఎవరికీ లేదని నేననుకుంటాను. తన భాష వల్ల అవమానపడినవాడు బిడ్డను ఆ అవమానం నుంచి తప్పించాలని చూస్తున్నాడు. అతనికి భాషాభిమానం మీద ఉపన్యాసం ఇస్తే తప్పు.

సార్ ఉపన్యాసం ఇవ్వలేదు. అతని కూతురినే పిలిచారు. మూడో తరగతి. తెలుగు పాఠం తడుముకోకుండా చదివింది. తండ్రి ముఖం వెలిగింది. "ఇప్పుడు చదివినదాంట్ల ఏమున్నది బిడ్డా?" అని సార్ అడిగారు. పిల్ల పుస్తకం వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. మాట రాలేదు. అప్పుడు బాయి ముందుకొచ్చి, మొన్న గోండిలో ముందుగా ముచ్చటించుకుని తర్వాత తెలుగులో చదివిన చెరువు పాఠం గురించి అడిగింది. పిల్ల గోండిలో మొదలుపెట్టింది. చెరువు ఎండితే చేపలేమవుతాయి, కొంగ ఎటు పోతుంది, తమ వాగు వేసవిలో ఏమైంది అన్నీ చేతులు తిప్పుతూ చెప్పింది. మీకు భాష రాకపోయినా కథ అర్థమవుతుంది. "గిదే తెలుగుల చెప్పు," అన్నారు సార్. ఆగి ఆగి, తప్పులతో, అయినా పూర్తిగా చెప్పింది.

తండ్రి కాసేపు ఊరుకున్నాడు. "సరే సార్. గాని ఇంగ్లీషు ఇడువద్దు."

"ఇడువం అన్నా. గోండి మీద నిలబెట్టి తెలుగు, తెలుగు మీద నిలబెట్టి ఇంగ్లీషు. మీరు పోరిని పత్తికి ఆపకుంటే సాలు."

అతను పూర్తిగా ఒప్పుకున్నాడని చెప్పలేను. తల ఊపాడు, కూర్చున్నాడు. చిన్నపిల్లలను అంగన్‌వాడీలో ఉంచి, పెద్ద పిల్లలను బడికి పంపాలని ఆడవాళ్లు మాట్లాడుకుని మాటిచ్చారు. పత్తి తూకానికి పోయే రోజు మాత్రం కుదరదన్నారు. ఆ ఒక్కరోజుకు సార్ ఒప్పుకున్నారు.

అంతలో వెనక నుంచి ఒక లంబాడా తల్లి గొంతు: "మరి మా పోరలు సార్? పటేల్ తాత లెక్కల మా పోరలు గోడకు నిలబడ్డరంట."

పొద్దున మనం చూసింది పిల్లలు ఇంటికెళ్లి చెప్పేశారు. నన్ను అడిగితే, ఆ సాయంత్రం అడిగిన ప్రశ్నల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. గోండు పిల్లకు తెలుగు ఎంత పరాయిదో, ఈ గదిలో లంబాడా పిల్లకు గోండి అంత పరాయిది. ఒక భాషకు చోటిచ్చి మరోదాన్ని గోడకు నిలబెడితే పని సగంలో ఆగినట్టే. సార్ ఒప్పుకుని అడిగారు: "మీరొస్తరా అమ్మా, వచ్చే శనివారం?" సంక్రాంతి దాకా చేలో పని ఉందందామె. అత్తను పంపుతానంది. వాళ్ల గోత్రాల లెక్క, వాళ్ల పాటలు ముసలామెకే బాగా వచ్చట. కోలాం ఇంటివాళ్లు మాత్రం అరుగు చివరన కూర్చుని, ఎవరూ చూడకుండా ముందే లేచి వెళ్లిపోయారు. రేపు వాళ్లింటికి తానే పోతానని సార్ బాయితో అన్నారు.

చట్టం ఈ మీటింగుకు అండగానే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో సాగాలనీ ఆ చట్టమే చెబుతోంది. మాతృభాషలో బోధన గురించి చెప్పే 350ఎ అధికరణం రాజ్యాంగంలో 1956 నుంచీ ఉంది. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు, అయినా ఎనిమిదో షెడ్యూలులో ఆ భాషకు చోటు లేదు. 2024లో తెలంగాణలో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు తల్లుల చేతికి బడి మరమ్మతుల పనులు అప్పగించాయి. గోడలకు సున్నం వేయించగలిగిన తల్లులు, ఆ గోడల మధ్య ఏ భాష వినిపించాలో కూడా చెప్పగలరు. అడిగేవాళ్లు కావాలి.

అందుకని అధికారులకు నా విన్నపం రెండు ముక్కలు. ప్రతి జీపీఎస్‌లో పిల్లల భాష వచ్చిన ఊరిమనిషిని ఒకరిని జీతమిచ్చి పెట్టండి, ఇప్పటికే ఆ పని చేస్తున్న వంటబాయిలతోనే మొదలుపెట్టండి. 2004 నాటి పుస్తకాలను బయటికి తీసి మళ్లీ అచ్చు వేయండి. ఇక మీరు టీచరైతే, లేదా బడి కమిటీలో ఉంటే, అది ఏజెన్సీలోనే కానక్కర్లేదు. ఇటుకబట్టీ దగ్గర ఒడియా పిల్లలున్న బడి కావచ్చు, నగరంలో హిందీ, ఉర్దూ పిల్లలున్న బడి కావచ్చు. పోయిన నెల మీ తల్లిదండ్రుల మీటింగు ఏ వేళకు పెట్టారు, ఏ భాషలో నడిపారు, ఎవరు ముందే లేచి వెళ్లిపోయారు? ముందు వాళ్లింటికి వెళ్లండి.