చలికి మొరాయించే లారీ: తప్పు మంటదా, తిరుగుడుదా?

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోకి పీల్చుకున్న గాలిని పిస్టన్ గట్టిగా నొక్కుతుంది. ఆ నొక్కుడుకే గాలి కాగిపోతుంది. కాగిన గాలిలోకి నాజిల్ చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1893లో పేటెంట్ పొందింది ఈ ఆలోచన మీదే. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షించినప్పుడు ఆయన ఇంజన్ ఇంధనంలోని శక్తిలో 26 శాతానికి పైగా పనిగా మార్చి, ఆనాటి ఆవిరి యంత్రాలన్నిటినీ వెనక్కి నెట్టింది. నిప్పు పుట్టేదే వేడి వల్ల గనక, చలికాలం తెల్లవారుజామున లారీ స్టార్ట్ కాకపోతే అందరి నోటా ముందు వచ్చే మాట ఒకటే: లోపల వేడి చాలట్లేదు, హీటర్ ప్లగ్గులు చూడు. ఈ మాటలో సగమే నిజం ఉంది. చలి మంట జోలికి వెళ్లేముందే ఇంజన్ తిరిగే వేగాన్ని దెబ్బతీస్తుంది, డీజిల్ పారే దారిని మూసేస్తుంది. చలికి విరుగుడుగా ఇంజనీర్లు, సైనికులు, డ్రైవర్లు నూరేళ్లలో ఏమేం కనిపెట్టారో చూస్తే రోగం ఎక్కడుందో తెలుస్తుంది.

వేడి చాలదన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. రుడాల్ఫ్ డీజిల్ కంటే ముందే ఇంగ్లండ్‌లో హెర్బర్ట్ అక్రాయిడ్ స్టూవర్ట్ రూపొందించిన హాట్ బల్బ్ ఇంజన్‌ను స్టార్ట్ చేయాలంటే దాని తలకాయను బ్లో ల్యాంపుతో నిమిషాల తరబడి కాల్చాల్సి వచ్చేది. 1909లో జర్మనీలో బెంజ్ సంస్థ ఇంజనీరు ప్రాస్పర్ లోరాంజ్ ప్రీ-చాంబర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఇందులో డీజిల్ ముందు ఒక చిన్న గదిలో రాజుకుని, అక్కడి నుంచి సిలిండర్‌లోకి ఎగదన్నుతుంది. ఇంజన్ మెత్తగా నడుస్తుంది, పంపు మీద ఒత్తిడి తగ్గుతుంది. లారీలకు పనికొచ్చే డీజిల్ ఇంజన్లు 1923-24లో రోడ్డెక్కడానికి, 1936లో మెర్సిడెస్ 260 డి కారు రావడానికి ఈ రకం పద్ధతులు తోడ్పడ్డాయి. కానీ ఆ చిన్న గదికి గాలి పరిమాణంతో పోలిస్తే గోడల వైశాల్యం ఎక్కువ. చల్లటి లోహం వేడిని లాగేసుకుంటుంది. అందుకే గదిలోకి విద్యుత్తుతో ఎర్రబడే హీటర్ ప్లగ్గు పెట్టక తప్పలేదు. అది కాగేదాకా తాళం తిప్పి కూర్చోవడం ఎంత అలవాటైపోయిందంటే, జర్మన్లు ఆ ఎదురుచూపుకు రుడాల్ఫ్ డీజిల్ సంస్మరణ నిమిషమని పేరు పెట్టారు. మన దేశంలో టాటాలు 1954లో డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారు చేయడం మొదలుపెట్టినప్పుడు వచ్చినవీ ప్రీ-చాంబర్ ఇంజన్లే. చలిలో స్టార్టింగ్ అంటే హీటర్ ప్లగ్గే అన్న పాఠం వాటితోపాటే మన మెకానిక్కులకూ వచ్చింది. ఆ ఇంజన్ల వరకు అది సరైన పాఠమే. చిన్న గది లేకుండా డీజిల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లు వచ్చాక కూడా అదే పాఠం పట్టుకు వేలాడడం దగ్గరే పొరపాటు మొదలైంది. లేలాండ్ కామెట్ లాంటి లారీల్లో అసలు హీటర్ ప్లగ్గులే లేవు, అయినా అవి స్టార్ట్ అయ్యేవి.

లెక్క వేసి చూద్దాం. 17:1 కంప్రెషన్ ఉన్న ఇంజన్ 30 డిగ్రీల గాలిని పీల్చి చురుగ్గా తిరిగితే, నొక్కుడు చివర గాలి వేడి సుమారు 540 డిగ్రీలకు చేరుతుంది. బయట మైనస్ 20 డిగ్రీల చలి ఉన్నా, అంతే చురుగ్గా తిరిగితే వేడి 410 దాకా వస్తుంది. అంటే 50 డిగ్రీల చలి తగ్గించింది 130 డిగ్రీలు. ఇప్పుడు అదే చలిలో ఇంజన్ ఈడ్చుకుంటూ తిరిగిందనుకుందాం. నొక్కుడు నెమ్మదిస్తే గాలి రింగుల సందుల్లోంచి జారిపోతుంది, ఉన్న వేడి గోడలకు పోతుంది. వేడి దాదాపు 240 దగ్గరే ఆగిపోవచ్చు. వేగం పడిపోవడం వల్ల పోయింది మరో 170 డిగ్రీలు. ప్రయోగశాలలో డీజిల్ 210-250 డిగ్రీల మధ్య అంటుకుంటుంది నిజమే, కానీ అక్కడ దానికి తీరిగ్గా సమయం దొరుకుతుంది. సెకనులో వెయ్యో వంతుల వ్యవధిలో రాజుకోవాల్సిన ఇంజన్‌కు ఆ వేడి ఏ మూలకూ చాలదు. ఇవి స్థూలమైన అంకెలే, ఇంజన్‌ను బట్టి మారతాయి. అయినా ఏ దెబ్బ పెద్దదో వీటిలో స్పష్టంగా కనిపిస్తోంది.

చరిత్రలో దీనికి బలమైన సాక్ష్యం రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 శీతాకాలంలో మాస్కో ముంగిట దొరుకుతుంది. జర్మన్ సైన్యపు ట్యాంకులు, లారీలు చాలావరకు పెట్రోలువి. వాటికి స్పార్క్ ప్లగ్గులున్నాయి, నిప్పుకు కొదవ లేదు. అయినా అవి కదల్లేదు. ఇంజన్ ఆయిల్ బంకలా గట్టిపడింది, బ్యాటరీలు చచ్చాయి. సైనికులు బండ్ల కింద మంటలు పెట్టారు. ఆయిల్‌లో పెట్రోలు కలిపి పలచన చేశారు. తర్వాత నడుస్తున్న ట్యాంకు రేడియేటర్‌లోని వేడి నీటిని పక్క ట్యాంకుకు మళ్లించే ఏర్పాట్లూ వచ్చాయి. చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కదా, అందుకే మొరాయించి ఉంటాయని ఎవరైనా అనవచ్చు. అదీ ఒక కారణమే. కానీ వారు వెతుక్కున్న మందుల్లో ఎక్కువ భాగం ఇంజన్ సులువుగా తిరగడానికి ఉద్దేశించినవే. అవతలి పక్క సోవియట్ టి-34 ట్యాంకుది 12 సిలిండర్ల డీజిల్ ఇంజన్. దానికి ఎలక్ట్రిక్ స్టార్టర్‌తో పాటు ముందు భాగంలో రెండు కంప్రెస్డ్ ఎయిర్ సిలిండర్లు అమర్చారు. బ్యాటరీ చేతులెత్తేసినా గాలి ఒత్తిడితో ఇంజన్‌ను తిప్పవచ్చు. దాన్ని రూపొందించినవారు ముందుగా భద్రం చేసుకున్నది తిరుగుడునే.

అమెరికాలో కేటర్‌పిల్లర్ 1931 నుంచి అమ్మిన డీజిల్ ట్రాక్టర్లదీ అదే దారి. పెద్ద ఇంజన్ పక్కన ఒక చిన్న పెట్రోలు ఇంజన్ ఉండేది. ముందు దాన్ని నడిపి, దాని బలంతో పెద్ద ఇంజన్‌ను ఎంతసేపైనా తిప్పవచ్చు. ఈలోగా దాని వేడి పెద్ద ఇంజన్ నీటికీ, పీల్చే గాలికీ అందుతుంది. ఇంత చక్కటి ఏర్పాటు మళ్లీ రాలేదనిపిస్తుంది. ఖర్చు, బరువు, శ్రమ ఎక్కువని దాన్ని మానేశారు. భారమంతా బ్యాటరీ మీద పడింది. లెడ్-యాసిడ్ బ్యాటరీ మైనస్ 18 డిగ్రీల దగ్గర తన బలంలో సగం దాకా కోల్పోతుంది, సరిగ్గా అప్పుడే చిక్కబడ్డ ఆయిల్ వల్ల ఇంజన్ రెట్టింపు బలం అడుగుతుంది. ఎండాకాలంలో మామూలుగా నెట్టుకొచ్చిన పాత బ్యాటరీ, తుప్పు పట్టిన టర్మినల్, వదులైన ఎర్త్ కేబుల్ ఆ ఉదయం ఒక్కసారిగా బయటపడతాయి.

డీజిల్ పారకపోవడం దీనికి పూర్తిగా వేరైన రోగం. డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. చల్లబడేకొద్దీ అది పలుకులుగా విడిపోయి ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఎంత చలి దాకా డీజిల్ ఫిల్టర్ గుండా పారాలో భారత ప్రమాణం నిర్దేశిస్తుంది: వేసవి డీజిల్‌కు 18 డిగ్రీలు, శీతాకాలపు డీజిల్‌కు 6 డిగ్రీలు. రెండూ సున్నాకు పైవే. మైదానాలకు ఇది చాలు. ఆదిలాబాద్, లంబసింగిల్లో కూడా చలి కాసేపు దిగి ఎండ రాగానే విడుస్తుంది. లద్దాఖ్‌లో చాలదు. అక్కడి డ్రైవర్లు ఎన్నో ఏళ్లుగా ట్యాంకు కింద మంట పెట్టడం, కిరోసిన్ కలపడం చేశారు. మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ పానిపట్ రిఫైనరీలో తయారు చేసి లద్దాఖ్‌కు అందించింది 2019 నవంబర్‌లో. దేశపు ఉత్తర సరిహద్దుకు సరుకు మోసిన లారీల అవసరం తీరడానికి అంతకాలం పట్టడం బాధాకరం. ఆ చలిలో ఎన్ని కొత్త హీటర్ ప్లగ్గులు వేసినా, ఫిల్టర్ దాటని డీజిల్‌ను అవి మండించలేవు.

ఇప్పటి ఇంజన్లకు కంప్యూటర్ ఉంది, స్కానర్ పెడితే లోపం అదే చెబుతుంది, ఈ పాత చర్చ ఎందుకన్నది గట్టి అభ్యంతరమే. స్కానర్ ఉపయోగాన్ని కాదనలేం. అయితే అధిక ఒత్తిడిలో ఉండే ఒకే గొట్టం నుంచి నాజిళ్లన్నిటికీ డీజిల్ అందించే కామన్ రైల్ ఇంజన్‌లో రైల్ ప్రెజర్ తక్కువని కోడ్ వస్తే, కారణం అరిగిన పంపు కావచ్చు, మైనం పట్టిన ఫిల్టర్ కావచ్చు, పైపు కీలు దగ్గర దూరిన గాలి కావచ్చు, బలహీనమైన బ్యాటరీతో పంపు నెమ్మదిగా తిరగడం కూడా కావచ్చు. కోడ్ లక్షణాన్ని చెప్పి ఆగుతుంది. దాని వెనక కారణాన్ని మనిషే వెతకాలి. దానికి పాత పద్ధతే దారి. ముందు సెల్ఫ్ చప్పుడు వినాలి. తిరుగుడు ఈడ్చుకుంటూ ఉంటే బ్యాటరీ, కేబుళ్లు, ఆయిల్ గ్రేడు చూడనిదే మరో పని చేయకూడదు. చురుగ్గా తిరుగుతూ సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తుంటే డీజిల్ అందుతోంది, అంటుకోవడం లేదు. ప్లగ్గులు, గాలి హీటరు, దిగిపోయిన కంప్రెషన్ వంతు అప్పుడు వస్తుంది. పొగే రాకపోతే డీజిల్ అందట్లేదు, ఫిల్టర్ విప్పాలి. స్టార్ట్ అయి రెండు నిమిషాలకే ఆగిపోతే మైనం మీదే మొదటి అనుమానం.

మొరాయించే ఇంజన్ పీల్చే గాలిలోకి కొట్టే ఈథర్ స్ప్రే సంగతి కూడా చెప్పాలి. డీజిల్ కంటే చాలా తక్కువ వేడికే అంటుకుంటుంది గనక, నెమ్మదిగా తిరిగే ఇంజన్ కూడా దానితో ఒక్కోసారి లేస్తుంది. అందువల్లే అసలు రోగం దాగిపోతుంది. హీటర్ ప్లగ్గో, గాలి హీటరో ఉన్న ఇంజన్‌లోకి దాన్ని కొడితే ఇన్‌టేక్‌లోనే పేలి ఇంజన్ విరగవచ్చు, మనిషి గాయపడవచ్చు. లారీని ఉత్తరాదికి పంపే యజమానులు డ్రైవర్ చేతికి ఆ డబ్బా ఇవ్వకండి. బయలుదేరేముందు బ్యాటరీని లోడ్ మీద పరీక్షించండి, చలికి తగ్గ గ్రేడు ఆయిల్ పోయండి, కొత్త డీజిల్ ఫిల్టర్ వేసి ఇంకొకటి బండిలో ఉంచండి. కొండ ఎక్కేముందు ట్యాంకులో మన డీజిల్ వీలైనంత తక్కువ ఉండేలా చూసుకుని, అక్కడి శీతాకాలపు డీజిల్ నింపుకోమని డ్రైవర్‌కు చెప్పండి, దానికి డబ్బు కూడా ఇచ్చి పంపండి.