రెండు రింగుల భాష

1990ల చివరి మాట. హైదరాబాదులో బస్సు దిగగానే ఎస్టీడీ బూత్ నుంచి మా ఊరికి ఫోను కలిపి, రెండు రింగులు మోగనిచ్చి పెట్టెయ్యడం మా ఇంటి కట్టుబాటు. రెండు మోగి ఆగితే క్షేమంగా చేరినట్టు. వెంటనే మళ్ళీ మోగితే ఎత్తాలన్నమాట. అవతల ఎత్తితేనే మీటరు తిరిగేది కనుక బూత్ యజమానికి పైసా ముట్టేది కాదు. ఆయన చూపు భరించలేక ఒక్కోసారి అక్కరలేని పిప్పరమెంట్లు కొనేవాణ్ణి. పొదుపు కాస్తా అక్కడ హరించుకుపోయేది!

దీనిని మనవాళ్ళ పిసినారితనంగా జమకట్టేవారున్నారు. నేను ఒప్పుకోను. 1840కి పూర్వం బ్రిటనులో ఉత్తరం ఖర్చును సాధారణంగా అందుకునేవారే భరించేవారు. దూరాన్నీ, కాగితాల సంఖ్యనూ బట్టి రుసుము; పేదలకు అది తలకు మించిన భారం. అందుకని చిరునామా రాసే తీరులోనో, పైన గీసిన ఒక చిన్న గుర్తులోనో సంగతిని ఇమిడ్చేవారు. అందుకోవలసినవారు ఆ గుర్తు చూసి, కుశలం గ్రహించి, ఉత్తరం వద్దని తిప్పి పంపేవారు. తపాలావారికి మోత కూలి మిగిలేది కాదు. 1837లో రోలండ్ హిల్ సంస్కరణలను ప్రతిపాదించడమూ, 1840లో పంపేవారే ఒక పెన్నీ ముందుగా చెల్లించే పద్ధతి రావడమూ జరిగాక ఆ గుర్తుల అవసరం తీరిపోయింది. మన దేశంలో 1854 అక్టోబరు నుంచి దూరంతో నిమిత్తం లేని అర్ధణా బిళ్ళ వచ్చింది. బిళ్ళ లేని బేరింగు ఉత్తరానికి రెట్టింపు వసూలు చేసేవారు.

సెల్ ఫోను కథ దీనికి అద్దం పట్టినట్టుంటుంది. 1995 జూలై 31న జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని సుఖ్‌రామ్‌తో మాట్లాడి మన దేశంలో సెల్ యుగాన్ని ఆరంభించారు. అప్పట్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. పైగా వచ్చిన కాలుకూ మనమే చెల్లించాలి, అచ్చం ఆ పాత ఉత్తరాల మాదిరే. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. ఇక మిస్డ్ కాల్‌కు పట్టపగ్గాలు లేవు. తెరమీద నంబరు కనబడుతుంది కనుక రింగులు లెక్కపెట్టే పని కూడా తప్పింది. ఆటోడ్రైవరు “వచ్చాను” అన్నా, కూలి మేస్త్రి “ఫోను చెయ్యండి” అన్నా అన్నిటికీ అదే. 2011లో అన్నా హజారే ఉద్యమం మద్దతును మిస్డ్ కాల్స్‌తో లెక్కించింది. బ్యాంకులు దానితోనే ఖాతా నిల్వ చెప్పడం నేర్చాయి.

2016 సెప్టెంబరులో జియో వచ్చి మాటను ఉచితం చేసేసరికి ఇళ్ళలో ఆ భాషకు కాలం చెల్లింది. విచిత్రమేమిటంటే అర్థం తలకిందులైంది. ఒకనాడు ఎత్తని ఫోను క్షేమసమాచారం. ఇప్పుడు ఇంటి నుంచి వరుసగా నాలుగు మిస్డ్ కాల్స్ కనబడితే గుండె ఝల్లుమంటుంది.

మా అమ్మ ఫోనులో ఇప్పుడు ఎంత మాట్లాడినా తరగని పథకం ఉంది. అయినా ఆవిడ రెండు రింగులిచ్చి పెట్టేస్తుంది. మొన్న అలవాటు తప్పి నేను మొదటి రింగుకే ఎత్తాను. “అయ్యో, ఎందుకెత్తావురా?” అంది కంగారుగా. తరువాత అరగంట మాట్లాడుకున్నాం.